ముడతలు పోగొట్టే మన పెద్దల పద్ధతులు

శుక్రవారం ఉదయం పదకొండు గంటలకు కరెంటు పోయిందంటే చాలా ఇళ్లలో చిన్నపాటి కలకలం మొదలవుతుంది. జుమా నమాజుకు వేసుకోవలసిన తెల్ల కుర్తా నలిగి ఉంటుంది. స్విచ్చి ఎన్నిసార్లు నొక్కినా ఇస్త్రీపెట్టె వేడెక్కదు. ఇంటి యజమాని చిరాకుపడతాడు, పిల్లవాడు ముఖం ముడుచుకుంటాడు, వారిద్దరికీ సమాధానం చెప్పలేక ఇల్లాలు సతమతమవుతుంది. నలభై, యాభై ఏళ్ల క్రితం మన ఇళ్లలో చాలావాటికి కరెంటు ఇస్త్రీపెట్టె లేదు. బొగ్గుల పెట్టె సైతం వీధికి ఒకటో రెండో ఉండేవి. అయినప్పటికీ మన తాతలు మల్లెపువ్వులాంటి దుస్తులు ధరించి మస్జిదుకు వెళ్లేవారు. ఈద్ రోజున దస్తర్‌ఖాన్ మీద ఒక్క ముడత కనిపించేది కాదు. ఇదెలా సాధ్యమయింది?

దీనికి సమాధానం చాలా సులువైనది. వారు ముడతను పోగొట్టే పనిని నిప్పుతో ప్రారంభించలేదు. బట్ట తడిగా ఉన్నప్పుడే ప్రారంభించారు. తడి, బరువు, ఓపిక ఈ మూడూ ముందుగా తమ పని తాము చేసేవి. నిప్పు చివరి మెరుగుకు మాత్రమే అవసరమయ్యేది, ఒక్కోసారి అదీ అవసరమయ్యేది కాదు. ఈ విద్య నేడు మన ఇళ్ల నుంచి నెమ్మదిగా కనుమరుగవుతోంది. దీనివల్ల ఎక్కువగా నష్టపోతున్నది పేదవాడు, ఇంటిల్లిపాది దుస్తుల భారాన్ని ఒంటరిగా మోసే ఇల్లాలు.

ముడత ఎందుకు పడుతుంది?

నూలు పోగు సెల్యులోజ్ అనే పదార్థంతో ఏర్పడినది. అందులోని సన్నని గొలుసులు ఒకదానినొకటి బలహీనమైన బంధాలతో పట్టుకుని ఉంటాయి. నీరు తగిలినప్పుడు ఆ బంధాలు సడలిపోతాయి. బట్ట ఆరుతున్న కొద్దీ అవి తిరిగి బిగుసుకుంటాయి. ఆరే సమయంలో బట్ట ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారమే దానికి స్థిరపడుతుంది. ముద్దగా ఆరితే ముడతలు స్థిరపడతాయి, చదునుగా ఆరితే చదునుతనం స్థిరపడుతుంది.

అంటే ముడత పడటానికీ పోవటానికీ కారణం ఒక్కటే. ఇస్త్రీపెట్టె కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది. తడి ముడతను సడలిస్తుంది, బరువు చదును చేస్తుంది, వేడి ఆ తడిని త్వరగా ఆర్పి చదునుతనాన్ని నిలుపుతుంది. వేడి చేసే పనిని ఎండ, గాలి, కాలం కూడా చేయగలవు. కాకపోతే నిమిషాలలో అయ్యే పనికి గంటలు పడుతుంది. ఇంతటి వివరం మన నానీలకు, దాదీలకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. వారి చేతులకు అది అనుభవంతో తెలుసు.

‘ఇస్త్రీ’ అనే మాట కూడా ఇదే సంగతిని సూచిస్తున్నది. అది పోర్చుగీసు భాషలోని ‘ఎస్తిరార్’ అనే పదం నుంచి మన భాషలలోకి వచ్చింది. సాగదీయటం, చాచటం అని దాని అర్థం. అందులో నిప్పు ప్రసక్తి లేదు.

ఉతికిన చోటే సగం ఇస్త్రీ

బట్టను తాడులా మెలిపెట్టి పిండితే ప్రతి మెలికా ఒక ముడతగా మిగులుతుంది. కనుక ఇస్త్రీ అవసరమైన బట్టలను గట్టిగా మెలిపెట్టకుండా, మడతపెట్టి అరచేతులతో అదిమి నీరు తీసేయాలి. తర్వాత రెండు భుజాలు పట్టుకుని నాలుగైదుసార్లు గట్టిగా విదిలించాలి. కాలరు, చేతుల అంచులు, గుండీల పట్టీ, కింది కుట్లు వేళ్లతో లాగి సరిచేయాలి. కుర్తా, చొక్కా దండెం మీద సగానికి వేయటం కంటే హ్యాంగరుకు తగిలించి ఆరవేయటం మేలు. వాటి బరువే వాటిని కిందికి లాగి చదును చేస్తుంది.

దుప్పట్లు, చీరలు, దస్తర్‌ఖాన్‌లు వంటి పెద్ద బట్టలకు ఇద్దరు మనుషులు కావాలి. ఎదురెదురుగా నిలబడి చెరొక అంచు పట్టుకుని, ముందు నిలువుగా, తర్వాత మూలల నుంచి ఐమూలగా లాగాలి. అత్తాకోడళ్లు, తల్లీకూతుళ్లు డాబా మీద దుప్పటికి చెరోవైపు నిలబడి లాగే దృశ్యం మన ఇళ్లలో నిన్నమొన్నటి వరకు సర్వసాధారణం. ఇది బట్ట పూర్తిగా ఎండిన తర్వాత చేస్తే ప్రయోజనం ఉండదు. చేతికి చల్లగా తగులుతూ, నీరు మాత్రం అంటని స్థితిలో ఉన్నప్పుడు చేయాలి. అలా లాగి, అంచులు కలిపి మడతపెట్టిన దుప్పటికి ఇస్త్రీ అవసరం దాదాపు ఉండదు.

గంజి చేసే మేలు

అన్నం వార్చే రోజుల్లో గంజి ప్రతి ఇంటిలోనూ ఉచితంగా దొరికేది. కుక్కరు వచ్చాక గంజి పోయింది. అయినా చెంచాడు మైదాను గానీ సగ్గుబియ్యాన్ని గానీ నీళ్లలో ఉడికించి గంజి తయారు చేసుకోవచ్చు. చిక్కటి గంజి ఒక గ్లాసుకు మూడు, నాలుగు గ్లాసుల నీళ్లు కలిపి, పలుచని బట్టతో వడకట్టాలి. వడకట్టకపోతే మెతుకు ముక్కలు బట్టకు అంటుకుని ఎండాక తెల్లని మచ్చలవుతాయి. తెల్లని బట్టలకైతే ఇందులోనే ఒకటి రెండు చుక్కల నీలిమందు కలిపేవారు. ముదురు రంగు బట్టలను తిరగవేసి, మరింత పలుచని గంజిలో ముంచాలి.

గంజి పెట్టిన బట్ట నిగారింపుతో నిలబడటమే కాదు, దానికి మరో మేలు కూడా ఉంది. గంజి పోగుల మీద సన్నని పొరగా నిలుస్తుంది. దుమ్ము, చెమట, కూర మరక ముందుగా ఆ పొరకు అంటుతాయి. మరుసటి ఉతుకులో గంజితోపాటు అవి కూడా చాలావరకు వదిలిపోతాయి. దస్తర్‌ఖాన్‌కూ, దిండు గలీబులకూ పెద్దలు గంజి పెట్టటానికి ఇది కూడా ఒక కారణం.

కొన్ని జాగ్రత్తలున్నాయి. గంజి పెట్టిన బట్ట ఆ రోజే పూర్తిగా ఆరాలి, లేనిపక్షంలో ముక్కవాసన వస్తుంది, బూజు పడుతుంది. తువ్వాళ్లకు గంజి పెట్టరాదు, అవి తడిని పీల్చుకోవు. పసిపిల్లల బట్టలకూ వద్దు, లేత చర్మానికి గరుకుగా తగులుతాయి. నెలల తరబడి బీరువాలో దాచే బట్టలకు గంజి ఉండకూడదు, బొద్దింకలకూ వెండిచేపలనే పురుగులకూ అది ఆహారమవుతుంది.

పరుపు కింద, పెట్టె కింద

సగం ఆరిన బట్టను కుట్ల వెంబడి సరిగ్గా మడతపెట్టి, పైన ఒక పొడి బట్ట కప్పి, దాని మీద బరువు పెట్టి రాత్రంతా వదిలేయటం మరో పద్ధతి. ట్రంకుపెట్టె, పీట, పరుపు ఏదైనా ఆ బరువు కావచ్చు. తెల్లవారేసరికి పెట్టిన మడత గీతలా నిలుస్తుంది, పెట్టని ముడత మాయమవుతుంది. తడి ఎక్కువగా ఉంటే మాత్రం వాసన వస్తుంది. కనుక చేతికి చల్లదనం మాత్రమే తెలిసే దశలో పెట్టాలి.

మదరసా వసతి గృహాలలో చదువుకున్నవారికి ఈ పద్ధతిని పరిచయం చేయనవసరం లేదు. మా విద్యార్థులలో కొందరికి రెండు జతల దుస్తులు మాత్రమే ఉంటాయి. గురువారం అస్ర్ నమాజు తర్వాత కుర్తా ఉతికి, ఇషా తర్వాత మడతపెట్టి పరుపు కింద పెట్టుకుని నిద్రపోతారు. జుమా రోజున పన్నెండేళ్ల పిల్లవాడు ఆ కుర్తా తొడుక్కుని ఎవరి ముందూ తలదించుకోకుండా మొదటి వరుసలో కూర్చుంటాడు. అతని తోటివాడు నలిగిన చొక్కాతో వెనుక స్తంభం చాటున చేరతాడు. ఇద్దరి మధ్య ఉన్న తేడా డబ్బు కాదు. ఒకరికి ఇంట్లో ఎవరో ఈ చిన్న విద్య నేర్పారు, మరొకరికి నేర్పలేదు, అంతే.

తడికి బరువు తోడైతే ఎంతటి పనితనం సాధ్యమో చెప్పటానికి ఢాకా మస్లిన్ ఒక్కటి చాలు. అక్కడ కుందీగర్లు అనే పనివారు మస్లిన్‌ను చెక్కదిమ్మె మీద పరచి, గంజినీళ్లు చిలకరిస్తూ, నున్నని శంఖుతో మెల్లగా కొట్టి మెరుగుపెట్టేవారు. లోకప్రసిద్ధి పొందిన ఆ వస్త్రానికి వారు ఇచ్చే నునుపు నిప్పు వల్ల వచ్చింది కాదు.

నిప్పుల చెంబు నుంచి కరెంటు పెట్టె దాకా

ఈద్, నికాహ్ వంటి సందర్భాలలో మరింత మెరుగు అవసరమైనప్పుడు నిప్పు రంగంలోకి దిగేది. ఇస్త్రీపెట్టె కొనలేని ఇళ్లలో అడుగు నున్నగా ఉన్న ఇత్తడి చెంబులో పొయ్యిలోని నిప్పులు వేసి, తడిగుడ్డతో దాన్ని పట్టుకుని కాలరు, చేతుల అంచుల మీద రుద్దేవారు. ఈ ఉపాయం మన దేశానికే పరిమితం కాదు. పొడవైన పిడిగల పళ్లెంలో నిప్పులు వేసి పట్టును చదును చేసే పద్ధతి చైనాలో ప్రాచీన కాలం నుంచీ ఉంది. అమెరికాలోని బోస్టన్ నగర మ్యూజియంలో 12వ శతాబ్దపు చైనా చిత్రపటం ఒకటుంది. అందులో ఇద్దరు స్త్రీలు పట్టువస్త్రాన్ని రెండు కొసలు పట్టుకుని బిగువుగా లాగుతుండగా మరొక స్త్రీ నిప్పుల పళ్లెంతో దాన్ని చదును చేస్తూ కనిపిస్తుంది. మన డాబాల మీది దుప్పటి లాగుడు, మన చెంబు రెండూ ఆ ఒక్క చిత్రంలోనే ఉన్నాయి.

బొగ్గుల ఇస్త్రీపెట్టె ఈ చెంబుకు పెద్దన్న. ఇనుముతో గానీ ఇత్తడితో గానీ పోతపోసిన పెట్టె, మడతబందుతో తెరుచుకునే మూత, చెక్కపిడి, గాలి ఆడటానికి పక్కల రంధ్రాలు దాని భాగాలు. ఇళ్లలో వాడే చిన్న పెట్టె రెండు, మూడు కిలోలుంటే, ఇస్త్రీ బండి మీది పెట్టె అయిదారు కిలోలు తూగుతుంది. కొబ్బరిచిప్పల బొగ్గును అందరూ ఇష్టపడేవారు. అది ఎక్కువసేపు నిలిచి మండుతుంది, నిప్పురవ్వలు తక్కువగా చిమ్ముతుంది. బొగ్గు బాగా రాజుకుని పైన తెల్లని బూడిద పొర ఏర్పడిన తర్వాతే మూత వేసేవారు. పెట్టె అడుగును ముందుగా తడిగుడ్డ మీద, తర్వాత పాత గుడ్డ మీద రుద్ది, మసి లేదనీ మాడదనీ నిర్ధారించుకున్నాకే మంచి బట్టను ముట్టుకునేవారు.

బట్టల మీద నీళ్లు చిలకరించి, ఒక్కొక్కటిగా చుట్టి, మూటకట్టి ఒక గంట పక్కన ఉంచటం నాటి ఇస్త్రీలో ముఖ్యమైన ఘట్టం. తడి ఒకచోట ఎక్కువ, మరోచోట తక్కువ కాకుండా బట్ట అంతటా సమంగా పాకుతుంది. నేడు మనం ఎండిన బట్ట మీద అప్పటికప్పుడు నాలుగు చుక్కలు చల్లి, ముడత పోవటం లేదని వేడిని పెంచుకుంటూ పోతాము. ఆ గంట ఓపిక పడితే తక్కువ వేడితోనే పని పూర్తవుతుంది.

పెట్టె అడుగున గంజి అంటుకుని మాడితే కాగితం మీద ఉప్పు చల్లి, వేడి పెట్టెను దాని మీద రుద్దితే శుభ్రపడుతుంది. తర్వాత కొవ్వొత్తి ముక్కను బట్టలో చుట్టి అడుగున రాస్తే పెట్టె నునుపుగా జారుతుంది. అయితే పూతపూసిన నేటి నాన్‌స్టిక్ పెట్టెలకు ఉప్పు వాడరాదు, పూత గీసుకుపోతుంది.

ఒక హెచ్చరిక తప్పనిసరి. బొగ్గుల పెట్టెను తలుపులు మూసిన గదిలో ఎన్నడూ వాడరాదు. మండే బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, ప్రాణం తీసేదాకా తెలియదు. మన పెద్దలు వాకిట్లోనో వరండాలోనో కూర్చుని ఇస్త్రీ చేసుకోవటం ఎంతో క్షేమకరమైన అలవాటు.

1882లో అమెరికాకు చెందిన హెన్రీ సీలీ కరెంటు ఇస్త్రీపెట్టెకు పేటెంటు పొందాడు. అది మన సామాన్యుల ఇళ్లకు చేరటానికి మరో నూరేళ్లు పట్టింది. అది సౌకర్యమే, కాదనలేము. కానీ కరెంటు పోయినా ఆపద్ధర్మంగా ఒక ఉపాయం ఉంది. అడుగు చదునుగా ఉన్న స్టీలు గిన్నెలో సగం వరకు మాత్రమే మరిగే నీళ్లు పోసి, మూతపెట్టి, మందపాటి గుడ్డతో పట్టుకుని కాస్త తడిపిన కాలరు, గుండీల పట్టీ మీద అదమవచ్చు. మరిగే నీటి వేడి నూరు డిగ్రీలు దాటదు, కనుక బట్ట మాడదు. చిన్నపిల్లలను మాత్రం దూరంగా ఉంచాలి.

ఏ బట్టకు ఎంత వేడి?

నేటి దుస్తుల లోపలి పట్టీ మీద ఇస్త్రీపెట్టె బొమ్మ, అందులో చుక్కలు ఉంటాయి. ఒక చుక్క ఉంటే 110 డిగ్రీలు, రెండుంటే 150, మూడుంటే 200 డిగ్రీల సెల్సియస్ మించరాదని అర్థం. నైలాన్ వంటివి మొదటి కోవకు, పట్టు, ఉన్ని, పాలియెస్టర్ రెండవ కోవకు, నూలు మూడవ కోవకు చెందుతాయి.

నల్లని బుర్ఖాను ఎప్పుడూ తిరగవేసే ఇస్త్రీ చేయాలి. పైవైపు వేడి పెట్టె తగిలితే పోగులు అణగిపోయి మెరుపు మచ్చలు తేలతాయి, అవి ఒకసారి పడితే పోవు. జరీ, కుట్టుపని ఉన్న దుస్తులను మెత్తని దుప్పటి మీద బోర్లా పరచి, పైన పలుచని గుడ్డ వేసి అదమాలి. ఉన్ని షేర్వానీ మీద పెట్టెను ఈడ్వరాదు. తడిగుడ్డ వేసి, పెట్టెను అదిమి ఎత్తుతూ పోవాలి. వేడినీళ్లతో స్నానం చేసిన గదిలో ఆ ఆవిరి ఉండగానే కాసేపు తగిలించినా దాని ముడతలు చాలావరకు సడలుతాయి. చొక్కా, కుర్తాలకు ముందు కాలరు, తర్వాత చేతులు, చివరగా ముందువెనుక భాగాలు చేయాలి. కాలరును కొసల నుంచి మధ్యకు చేస్తే కొసల దగ్గర ముడత పోగుపడదు.

ముడతే అందమైన సందర్భం కూడా మన ఇళ్లలో ఉంది. గంజి పెట్టిన మల్లు దుపట్టాను తడిగా ఉన్నప్పుడే వేళ్లతో సన్నని కుచ్చుగా ఏరి, మెలిపెట్టి, రెండు కొసలు ముడివేసి ఆరనిస్తారు. విప్పినప్పుడు నీటి అలల్లాంటి చున్నట్లు నిలుస్తాయి. దీనికీ నిప్పు అక్కరలేదు. చదునుచేసే సూత్రమే ఇక్కడ అలలను నిలుపుతోంది.

ఈ పని ఎవరిది?

శుభ్రమైన, చక్కని దుస్తులు కోరుకోవటం అహంకారం కాదని, సత్యాన్ని తోసిపుచ్చి ప్రజలను చులకన చేయటమే అహంకారమని దైవప్రవక్త (సల్లం) విశదపరిచారు. మనకున్న దానిలోనే చక్కగా కనిపించటం ధర్మసమ్మతమే. అయితే ఆ చక్కదనం ఎవరి శ్రమ మీద నిలుస్తున్నదో కూడా ఆలోచించాలి.

రాత్రి వంటగది సర్దిన తర్వాత అయిదుగురి దుస్తులు ముందేసుకుని నిలబడే ఇల్లాలిని మనం ప్రతి వీధిలో చూస్తాము. దైవప్రవక్త (సల్లం) ఇంటిపనులలో సహాయపడేవారని, తమ దుస్తులు తామే కుట్టుకునేవారని, చెప్పులు తామే బాగుచేసుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలియజేశారు. తన కుర్తా తాను విదిలించి ఆరవేసుకోవటం, మడతపెట్టుకోవటం ఏ మగవాని గౌరవానికీ భంగం కాదు. పది సంవత్సరాల పిల్లవాడు తన బడి దుస్తులను పరుపు కింద పెట్టుకోగలడు. ఇది కుమార్తెకు మాత్రమే నేర్పవలసిన పాఠం కాదు.

వీధి చివర ఇస్త్రీ బండి మీద బతికే కుటుంబాన్నీ మరువరాదు. రోజంతా నిలబడి, అయిదారు కిలోల పెట్టెను వేలసార్లు ముందుకు వెనక్కు నెట్టే శ్రమ అది. 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణ ప్రభుత్వం లాండ్రీలకు, ధోబీఘాట్లకు నెలకు 250 యూనిట్ల కరెంటును ఉచితంగా ప్రకటించింది. మన వంతు మరింత సులువైనది. రూపాయి దగ్గర బేరమాడకుండా, ‘రేపిస్తాను’ అని తిప్పకుండా, కూలివాని చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్న ప్రవక్త (సల్లం) బోధనను ఆ బండి దగ్గర గుర్తుచేసుకోవాలి. ఇంట్లో చేయగలిగినవి చేసుకుని, షేర్వానీ, పట్టుచీర వంటి నేర్పు అవసరమైనవి వారికిచ్చి తగిన ధర చెల్లిస్తే ఇరుపక్షాలకూ మేలు.

ఇక వృథా సంగతి. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె ఆగకుండా గంటసేపు మండితే ఒక యూనిట్ కరెంటు ఖర్చవుతుంది. ఒక ఇంటికి ఇది స్వల్పమే, కోట్ల ఇళ్లకు స్వల్పం కాదు. 2024 మే నెలలో కేంద్ర ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఆర్. తన సిబ్బందిని సోమవారాలలో ఇస్త్రీ చేయని దుస్తులు ధరించి రావాలని కోరింది. దుప్పట్లకు, లోదుస్తులకు, ఇంట్లో వేసుకునే బట్టలకు ఇస్త్రీ చేయటం నిజంగా అవసరమా అని ప్రతి ఇల్లూ తనను తాను ప్రశ్నించుకోవచ్చు. అనవసరమైన చోట ఖర్చుచేయటం దుబారా అనే మన ధర్మం కూడా చెబుతోంది.

ఈ వారమే ఒక చిన్న ప్రయత్నం చేసి చూడండి. గురువారం సాయంత్రం కుర్తాను మెలిపెట్టకుండా పిండి, విదిలించి, హ్యాంగరుకు తగిలించండి. చేతికి చల్లగా తగిలే దశలో కుట్ల వెంబడి మడతపెట్టి పరుపు కింద ఉంచండి. పిల్లలను పక్కన నిలబెట్టుకుని, వారి బట్టలు వారి చేతనే పెట్టించండి. శుక్రవారం ఉదయం కరెంటు ఉన్నా లేకపోయినా, ఇంటిల్లిపాది ప్రశాంతంగా సమయానికి మస్జిదుకు చేరుకోవచ్చు. ఇంటి ఇల్లాలికి సైతం ఆ ఉదయం స్నానం చేసి, తీరిగ్గా ఖుర్ఆన్ పారాయణానికి కూర్చునే అవకాశం దొరుకుతుంది.